పాఠకుల ప్రశ్నలు: అమ్యూజ్‌మెంట్ పార్కు సీజన్ ఉద్యోగాల్లో పని గంటలు, విరామాలు

ప్రశ్న: సెలవుల సీజన్‌కు ఒక అమ్యూజ్‌మెంట్ పార్కులో రైడ్ ఆపరేటర్‌గా చేరాను. షిఫ్టు పది గంటలు. మధ్యలో అరగంట భోజన విరామం ఇచ్చినట్టు టైంషీట్‌లో రాసి, ఆ అరగంటకు జీతం కోస్తున్నారు. కానీ ఆ సమయంలో నేను రైడ్ పక్కనే ఉన్న క్యాబిన్‌లో కూర్చుని తినాలి. వాకీటాకీ ఆన్‌లో ఉంచాలి. పిలిస్తే లేచి వెళ్లాలి. చాలా రోజులు సగం తిన్న డబ్బా మూసేసి లేస్తున్నాను. అడిగితే, "వాన పడి రైడ్ ఆపినప్పుడు ఖాళీగా కూర్చున్నారు కదా, అదే మీ బ్రేక్" అని సూపర్‌వైజర్ అంటున్నారు. ఇది న్యాయమేనా?
ఒక విద్యార్థి

జవాబు: న్యాయం కాదు. మీకు ఇస్తున్నది విరామం కాదు, జీతం లేని డ్యూటీ. పని గంటల చట్టాలు అమల్లో ఉన్న దేశాల్లో విరామాన్ని తేల్చేటప్పుడు అధికారులు మొదట అడిగే ప్రశ్న, ఆ సమయంలో ఉద్యోగిని పని బాధ్యత నుంచి పూర్తిగా వదిలిపెట్టారా లేదా అన్నదే. అమెరికా కార్మిక శాఖ నియమాల ప్రకారం 30 నిమిషాలు లేదా అంతకు మించిన భోజన విరామానికి జీతం ఇవ్వనక్కర్లేదు గానీ, ఆ సేపు ఉద్యోగికి ఏ పనీ ఉండకూడదు. యంత్రం దగ్గరే కూర్చుని తినమంటే, తింటున్నంతసేపూ అతడు పనిలో ఉన్నట్టేనని ఆ నియమాలు స్పష్టంగానే చెబుతున్నాయి. 5 నుంచి 20 నిమిషాల వరకు ఉండే చిన్న విరామాలనైతే పని సమయంలోనే కలిపి జీతం లెక్కగట్టాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: పార్కు గేటు దాటి బయటికి పోనివ్వలేదు కాబట్టి అది విరామం కాదన్న వాదన ఆ నియమాల ముందు నిలవదు. లోపలే ఉండమనవచ్చు, పని మాత్రం చెప్పకూడదు.

వాకీటాకీ సంగతికి సరిగ్గా సరిపోయే తీర్పు ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో కాపలా ఉద్యోగులను విరామంలో కూడా రేడియో, పేజర్ ఆన్‌లో ఉంచుకుని పిలుపుకు సిద్ధంగా ఉండమన్నారు. పిలుపు కోసం ఎదురుచూస్తూ తీసుకునేది విరామం కాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. వాన విషయానికొస్తే, విమానాలకు భోజనం చేరవేసే ఉద్యోగుల కేసులో బ్రిటన్ అప్పీలు కోర్టు 2004లో చెప్పిన మాట మీ సూపర్‌వైజర్‌కు నేరుగా వర్తిస్తుంది. పని మధ్యలో ఖాళీ దొరికింది కాబట్టి జరిగిపోయిన ఆ ఖాళీకి తరవాత విరామమని పేరు పెట్టడం చెల్లదని, విరామం మొదలయ్యేటప్పుడే అది తన విరామమని, ఆ సమయాన్ని తనకు నచ్చినట్టు వాడుకోవచ్చని ఉద్యోగికి తెలిసి ఉండాలని ఆ కోర్టు తేల్చింది. వాన ఎప్పుడు తగ్గుతుందో తెలియదు, తగ్గగానే సీట్లు తుడిచి, ఖాళీ రైడ్‌ను ఒకసారి తిప్పి చూసి, జనాన్ని ఎక్కించాలి. అలా కూర్చున్న మనిషి పార్కు అవసరం కోసమే కూర్చున్నాడు.

ఈ రాష్ట్రాల, దేశాల నియమాలు మీరు పనిచేసేచోట అక్షరాలా వర్తించకపోవచ్చు. అయినా వీటిని ఇంత వివరంగా రాయడానికి కారణం మీరు చేసే పని స్వభావం. రైడ్ ఆపరేటర్ ప్రతి ట్రిప్పుకూ వరస చివరిదాకా నడిచి, ఒక్కో సీటు దగ్గర ఆగి, సేఫ్టీ బార్‌ను కిందికి నొక్కి, మళ్లీ పైకి లాగి చూసి, బెల్టు పట్టి చూసి, అవతలి వైపు ఉన్న సహోద్యోగి చెయ్యెత్తాకే బటన్ నొక్కాలి. మూడు నిమిషాలకొక ట్రిప్పు, ట్రిప్పుకు 24 మంది అనుకుంటే గంటకు 480 సీట్లు, పది గంటలకు 4,800 సీట్లు. ఇద్దరు పంచుకున్నా ఒక్కొక్కరి వాటా 2,400. బార్ ఎప్పుడూ సరిగ్గానే పడి ఉంటుంది కాబట్టి, అలసిన చెయ్యి లాగినట్టే లాగి వదిలేస్తుంది. కన్ను చూడబోయేదాన్ని ముందే చూసేసినట్టు అనుకుంటుంది. అందుకే మంచి పార్కుల్లో ఎక్కించే చోటు, దించే చోటు, కంట్రోల్ ప్యానెల్ మధ్య మనుషులను కొంతసేపటికొకసారి మారుస్తుంటారు. ఆ మార్పు కూడా అవసరమే గానీ, చోటు మారడాన్ని విరామంగా లెక్క వేయకూడదు. మీ అరగంట మీ ఒక్కరి సౌకర్యం కోసం కాదు, ఆ సీట్లలో కూర్చునే పిల్లల కోసం కూడా. అడిగేటప్పుడు ఈ మాటే ముందు చెప్పండి.

ఇక ఏం చేయాలి? ఈ రోజు నుంచే ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, డ్యూటీ ఎక్కిన సమయం, విరామం నిజంగా మొదలైన నిమిషం, ముగిసిన నిమిషం, మధ్యలో ఎవరు ఎందుకు పిలిచారు, డ్యూటీ దిగిన సమయం రాసుకోండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసినదానికంటే ఏ రోజుకా రోజు రాసినదానికే విలువ ఎక్కువ. రెండు వారాల లెక్క చేతికొచ్చాక సూపర్‌వైజర్‌ను నలుగురిలో నిలదీయకుండా రాతపూర్వకంగా రెండే అడగండి: నా విరామంలో రైడ్ బాధ్యత ఎవరిది, నేను వాకీటాకీ ఎవరికి అప్పగించాలి? ఈ రెంటికీ జవాబు లేకపోతే అక్కడ విరామం లేనట్టే. హెచ్‌ఆర్ కూడా స్పందించకపోతే ఆ పుస్తకంతో స్థానిక కార్మిక శాఖకు వెళ్లండి. సీజన్ ముగిసి ఉద్యోగం మానేశాక కూడా బకాయి అడగవచ్చు. అయితే ఫిర్యాదుకు ప్రతిచోటా గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి సెలవుల్లో సమ్మర్ వర్క్ ట్రావెల్ కార్యక్రమం కింద అమెరికాలోని ఒక పార్కులో పని చేయడానికి వెళ్తోంది. కాంట్రాక్టులో "ఇది సీజనల్ సంస్థ, ఓవర్‌టైం వర్తించదు" అని రాశారు. వారానికి 40 గంటలు దాటితే అక్కడ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని విన్నాం. ఇది మోసమా?
ఒక తల్లి

జవాబు: మోసమని వెంటనే అనలేం. అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం కింద 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు చెల్లించాలన్నది నిజమే. అదే చట్టంలో సీజన్‌లో మాత్రమే నడిచే వినోద సంస్థలకు మినహాయింపు ఉంది. క్యాలెండర్ సంవత్సరంలో 7 నెలలకు మించి నడవని సంస్థకు గానీ, ముందటి సంవత్సరంలో ఏవైనా ఆరు నెలల సగటు రాబడి మిగతా ఆరు నెలల సగటు రాబడిలో మూడో వంతు దాటని సంస్థకు గానీ ఈ మినహాయింపు దొరుకుతుంది. అంటే "సీజనల్" అని కాంట్రాక్టులో రాసుకున్నంత మాత్రాన చాలదు, ఈ రెండు పరీక్షల్లో ఒకటి నెగ్గాలి. ఏడాది పొడవునా సమానంగా గేట్లు తెరిచి ఉంచే పార్కు నెగ్గడం కష్టం. మినహాయింపు దొరికిన సంస్థకు ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) కనీస వేతనం నుంచి కూడా మినహాయింపు వస్తుందన్నది చాలామందికి తెలియని సంగతి.

ఇంతటితో దారి మూసుకుపోలేదు. రాష్ట్రాల చట్టాలు వేరు. ఫెడరల్ మినహాయింపు ఉన్నచోట కూడా రాష్ట్ర చట్టం కనీస వేతనాన్ని, ఓవర్‌టైంను, విరామాన్ని కాపాడుతూ ఉండవచ్చు. విరామాల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. వయోజనులకు విరామం ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టంలో అసలు లేదు, ఇస్తే దాన్ని ఎలా లెక్కగట్టాలో మాత్రమే ఉంది. కాలిఫోర్నియాలో అయితే షిఫ్టు 5 గంటలు దాటితే ఐదో గంట ముగిసేలోపే అరగంట భోజన విరామం, ప్రతి 4 గంటల పనికీ జీతంతో కూడిన 10 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. ఇవ్వని రోజుకు ఒక గంట జీతం అదనంగా చెల్లించాలి. కాబట్టి పార్కు ఏ రాష్ట్రంలో ఉందన్నదే మీరు మొదట చూడవలసిన విషయం.

పైగా మీ అమ్మాయి వెళ్తున్న కార్యక్రమానికి సొంత నిబంధనలున్నాయి. పని కాలం 4 నెలలకు మించకూడదు. వర్తించే కనీస వేతనం, అదే పని చేసే స్థానికులకు ఇచ్చే జీతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఆమెకు అందేలా, ఆమెను ఈ కార్యక్రమం కింద తీసుకెళ్లే స్పాన్సర్ సంస్థ చూడాలి. పని వేళలు ప్రధానంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య పడే ఉద్యోగాల్లో గానీ, ఊరూరూ తిరిగే సంతల్లో గానీ విద్యార్థులను పెట్టకూడదు. ఇబ్బంది వస్తే ఆమె మొదట ఫోన్ చేయవలసింది స్పాన్సర్‌కు. బయలుదేరేముందు ఆ నంబరు, వారానికి కనీసం ఎన్ని గంటల పని ఇస్తారన్న హామీ, వసతికి జీతంలో ఎంత కోస్తారన్న వివరం, ఈ మూడూ రాతలో తీసుకోండి. పని ఎక్కువైపోతుందని మీరు భయపడుతున్నారు గానీ, జనం లేని వారాల్లో గంటలు తగ్గించేస్తే వసతి కోత పోను చేతికేమీ మిగలకపోవడం కూడా అంతే కష్టపెడుతుంది.

వినోద రంగాన్ని చట్టాలు పక్కన పెట్టడం ఇప్పటిది కాదు. వాణిజ్య సంస్థలు, కార్యాలయాల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న హద్దు పెట్టిన 1930 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం నాటకశాలలను, ప్రజా వినోద స్థలాలను తన పరిధిలోంచి తప్పించింది. అందరూ సెలవు తీసుకునే రోజే ఈ ఉద్యోగులకు పని ఎక్కువ కావడం దానికి కారణమైతే, వాళ్లకు రక్షణ మరింత ఉండాలని నా అభిప్రాయం.

ప్రశ్న: రాత్రి పార్కు మూసి, ఊడ్చి, లెక్క అప్పగించి బయటపడేసరికి పన్నెండు దాటుతోంది. మర్నాడు ఏడింటికే ఓపెనింగ్ డ్యూటీ వేస్తున్నారు. పైగా యూనిఫాం తీసుకోవడానికి, సెక్యూరిటీ వరసలో నిలబడడానికి పట్టే సమయం లెక్కలో ఉండదు. దీనికి నియమమేమీ లేదా?

జవాబు: యూరోపియన్ యూనియన్‌లో ఉంది. 2003 నాటి పని సమయ ఆదేశం ప్రకారం ప్రతి 24 గంటల్లో వరసగా 11 గంటల విశ్రాంతి, రోజు పని 6 గంటలు దాటితే మధ్యలో విరామం, వారానికి ఒకసారి నిరాటంకంగా 24 గంటల సెలవు ఇవ్వాలి. వారం సగటు పని 48 గంటలు దాటకూడదు. బ్రిటన్ 1998 నియమాల్లోనూ రోజు విశ్రాంతి 11 గంటలే, విరామం మాత్రం కనీసం 20 నిమిషాలు. జర్మనీ చట్టం ఇంకొంచెం వివరంగా, 6 గంటలు దాటితే 30 నిమిషాలు, 9 గంటలు దాటితే 45 నిమిషాలు అంటుంది. 11 గంటల విశ్రాంతి లెక్కన రాత్రి పన్నెండుకు దిగిన మనిషిని ఉదయం పదకొండు లోపు మళ్లీ డ్యూటీ ఎక్కించకూడదు. అయితే పర్యాటకం వంటి రంగాల్లో ముందే ఊహించదగిన రద్దీ ఉన్నప్పుడు సడలింపు తీసుకోవచ్చని ఈ నియమాల్లోనే ఉంది. సీజన్ పార్కులు ఆ వాక్యాన్నే పట్టుకుంటాయి. కానీ అలా కోసుకున్న విశ్రాంతిని తరవాత అంతకు సమానంగా తిరిగి ఇవ్వాలన్న షరతు కూడా ఆ వెంటే ఉంది. మీకు తిరిగి ఇచ్చారా అని అడగండి. అమెరికాలో వయోజనులకు ఇలాంటి రోజువారీ విశ్రాంతి నియమం ఫెడరల్ చట్టంలో లేదు.

సెక్యూరిటీ వరస విషయంలో కోర్టులది ఒకే మాట కాదు. గోదాము ఉద్యోగులు డ్యూటీ దిగాక తనిఖీ కోసం నిలబడిన సమయానికి ఫెడరల్ చట్టం కింద జీతం రాదని అమెరికా సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. బ్యాగుల తనిఖీ కోసం ఉద్యోగులను ఆపి ఉంచిన సమయానికి జీతం ఇవ్వాలని 2020లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తన రాష్ట్ర చట్టం కింద చెప్పింది. పార్కు తెరిచే ముందు రైడ్ తనిఖీ, ట్రయల్ రన్, మూసిన తరవాత ఊడ్చి లెక్క అప్పగించడం మాత్రం నిస్సందేహంగా పనే. హాజరు పంచ్ చేయకముందు ఇవేవీ మొదలుపెట్టకండి.

ప్రశ్న: మా తమ్ముడికి పదిహేనేళ్లు. ఇలాంటి పార్కులో ఎన్ని గంటలు పని చేయవచ్చు?

జవాబు: దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 14, 15 ఏళ్లవారికి బడి ఉన్న రోజు 3 గంటలు, బడి వారంలో మొత్తం 18 గంటలు, సెలవు రోజు 8 గంటలు, సెలవు వారంలో 40 గంటలు హద్దు. సాయంత్రం 7 తరవాత పని కూడదు. జూన్ 1 నుంచి సెప్టెంబరు తొలి సోమవారం దాకా రాత్రి 9 వరకు చేయవచ్చు. ముందు చెప్పిన సీజనల్ మినహాయింపు ఈ వయసువారి హద్దులను ఏమాత్రం సడలించదు. పదిహేనేళ్లవాడు శిక్షణ పొంది వాటర్ పార్కులో లైఫ్‌గార్డుగా ఉండవచ్చు గానీ, ఎత్తైన వాటర్ స్లయిడ్ పైన నిలబడి మనుషులను వదిలే పని చేయకూడదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 18 లోపువారి పని రోజుకు నాలుగున్నర గంటలు దాటితే కనీసం 30 నిమిషాల విరామం ఇవ్వాలి.

ప్రశ్న: నేను బొమ్మ వేషం వేసి పిల్లలతో ఫొటోలు దిగే పని చేస్తున్నాను. గంటకు పావుగంట విరామం అంటున్నారు. అయినా సాయంత్రానికి తల తిరుగుతోంది. నా ఒంట్లోనే లోపముందా?

జవాబు: మీ ఒంటిని అనుమానించే ముందు ఆ పావుగంటను నిమిషాల్లో లెక్క వేయండి. జనంలోంచి నడిచి విశ్రాంతి గదికి చేరడానికి మూడు నిమిషాలు. చేతి తొడుగులు తీసి, వెనక జిప్పు మరొకరితో తీయించుకుని, తల భాగం ఎత్తి పక్కన పెట్టడానికి మరో మూడు. మళ్లీ అంతా వేసుకోవడానికి నాలుగు, తిరిగి నడవడానికి మూడు. మీకు మిగిలింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో నీళ్లు తాగగలరు గానీ, ఒంట్లోని వేడి దిగదు. విరామాన్ని తల భాగం తీసిన క్షణం నుంచి, మళ్లీ పెట్టుకునే క్షణం దాకా లెక్కించమని అడగండి. మందమైన వేషానికి ఎండ రోజున వరసగా 20 నిమిషాలు మించకుండా చూసుకోవడం, తరవాత అంతసేపూ చల్లని గదిలో ఉండడం మంచిది. పక్కన తోడుగా ఒకరు ఉండాలి, ఎందుకంటే లోపలి నుంచి మీకు సరిగ్గా కనిపించదు, మాట బయటికి వినిపించదు. ఆపేయాలని చెప్పడానికి ఇద్దరి మధ్య ఒక సైగ ముందే అనుకోండి.

కొత్తగా చేరినవారికి ప్రమాదం ఎక్కువ. శరీరం వేడికి అలవాటు పడడానికి రోజులు పడుతుంది. అందుకే కొత్తవారిని మొదటి రోజు మామూలు వేడి పనిలో 20 శాతానికి మించి చేయించకుండా, రోజుకు మరో 20 శాతం కంటే ఎక్కువ పెంచకుండా నడిపించాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సూచిస్తోంది. సీజన్ ఉద్యోగంలో జరిగేది దీనికి తలకిందులు: శిక్షణ ఒక రోజు, మర్నాడే పూర్తి షిఫ్టు. నీళ్ల విషయంలోనూ దాహం వేసేదాకా ఆగకుండా 15-20 నిమిషాలకొకసారి 240 మిల్లీలీటర్లు తాగమని, గంటకు సుమారు 1.4 లీటర్లు దాటవద్దని అదే సంస్థ సలహా. వేషంలో ఉండగా తాగలేరు కాబట్టి విడత చిన్నదిగా ఉండడం తప్పనిసరి. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం మొదలైతే ఆ రోజుకు వేషం తీసేయండి. ఎవరికైనా మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు; వెంటనే వేషం విప్పి, ఒంటిపై చల్లటి నీళ్లు పోస్తూ అంబులెన్సును పిలవాలి. మీకు రోజూ తల తిరుగుతోందంటున్నారు కాబట్టి రేపటి షిఫ్టుకు ముందే వైద్యులకు చూపించుకోండి.

ప్రశ్న: నేను ఒక రైడ్‌కు టీం లీడర్‌ను. నాలుగు చోట్లకు నలుగురినే ఇస్తారు. ఒకరిని భోజనానికి పంపితే రైడ్ ఆగిపోతుంది. పిల్లల మొహాలు చూస్తే జాలేస్తుంది, పైవాళ్లు రైడ్ ఆపవద్దంటారు. నేనేం చేయాలి?

జవాబు: మీ దగ్గర కొరత మనుషుల మంచితనానిది కాదు, రిలీవర్‌ది, అంటే విరామానికి వెళ్లినవారి చోట నిలబడే మనిషిది. దాన్ని పైవాళ్లకు అంకెల్లో చూపించండి. ఎనిమిది గంటల షిఫ్టులో ఒక్కొక్కరికి 30 నిమిషాల భోజనం, రెండుసార్లు పది నిమిషాలు, మొత్తం 50 నిమిషాలు. నలుగురికి 200 నిమిషాలు. ఇలాంటి రెండు రైడ్లకు 400 నిమిషాలు. రిలీవర్ షిఫ్టు 480 నిమిషాలు కాబట్టి, తన విరామానికి 50 నిమిషాలు పోను అటూఇటూ నడవడానికి 30 నిమిషాలు మిగులుతాయి. అంటే రెండు రైడ్ల మీదా శిక్షణ పొందిన ఒక్క మనిషిని అదనంగా ఇస్తే ఎనిమిది మందికీ పూర్తి విరామం దొరుకుతుంది, రైడ్ ఆగదు. రైడ్లు దగ్గరదగ్గరగా ఉండాలన్నదొక్కటే షరతు. నెమ్మదిగా ఉండే వారంలోనే మీ నలుగురిలో ఒకరికి పక్క రైడ్ నేర్పించడం మొదలుపెడితే ఈ ఏర్పాటుకు ఎదురుచూడవలసిన పని తగ్గుతుంది.

అంతవరకు రద్దీ మొదలవకముందే మొదటి ఇద్దరినీ పంపేయండి. మూడో గంటలో తిన్న మనిషికి ఇబ్బంది లేదు గానీ, ఏడో గంటదాకా తినని మనిషి ప్యానెల్ ముందు ఉండకూడదు. చివరగా తినేవారు రోజూ ఒకరే కాకుండా వరస మార్చండి. మనిషి నిజంగా చాలని రోజున, ఆ రైడ్ నడపడానికి కనీసం ఎంతమంది ఉండాలని తయారీదారు మాన్యువల్‌లో రాశారో చూసి, అంతకంటే తగ్గితే రైడ్ ఆపి గేటు దగ్గర మళ్లీ మొదలయ్యే సమయం బోర్డు పెట్టండి. పిల్లలు పది నిమిషాలు ఆగగలరు. బాత్రూంకు వెళ్లడాన్ని విరామంలో కలిపి లెక్క వేయకండి. ఎప్పుడడిగినా పంపవలసిందే, దానికి మీరే ఆ చోట నిలబడవలసి వచ్చినా సరే.

ప్యానెల్ చేతులు మారేటప్పుడు మాత్రం తొందర పడనివ్వకండి. రైడ్ పూర్తిగా ఆగాక, కొత్తగా వచ్చిన మనిషి సీట్లవైపు, గేట్లవైపు చూసి "తీసుకున్నాను" అని నోటితో అన్న తరవాతే పాత మనిషి కుర్చీ వదలాలి. ఇద్దరి పేర్లూ, సమయమూ లాగ్ బుక్‌లో అప్పుడే రాయించండి. విరామం మొదలైనట్టు లెక్క ఆ సంతకం నుంచే, అంతకు ముందు నుంచి కాదు.